ప్రభుత్వ సెక్యూరిటీ టెండర్‌కు చిన్న ఏజెన్సీ సిద్ధం కావడం: పసారా లైసెన్సు, వేతనాల లెక్క, పీఎఫ్ రికార్డులు

ప్రశ్న: ఉప్పల్_ఏజెన్సీ

అందరికీ నమస్కారం. మా నాన్నగారు మొదలుపెట్టిన సెక్యూరిటీ ఏజెన్సీని కొంతకాలంగా నేను చూసుకుంటున్నాను. మాది ప్రొప్రైటర్‌షిప్ సంస్థ. ఉప్పల్, నాచారం, హబ్సిగూడ ప్రాంతాల్లోని అపార్ట్‌మెంట్లకు, గోదాములకు, రెండు ప్రైవేటు కాలేజీలకు గార్డులను ఇస్తున్నాం. మా దగ్గర డెబ్బై మందికి పైగా పనిచేస్తున్నారు. ప్రభుత్వ పనికి ఇంతవరకు ఎప్పుడూ టెండర్ వేయలేదు.

సంగారెడ్డి జిల్లాలో ఉన్న ఒక కేంద్ర ప్రభుత్వ విద్యాసంస్థ సెక్యూరిటీ సేవల కోసం ప్రభుత్వ కొనుగోళ్ల వెబ్‌సైట్ అయిన జెమ్ పోర్టల్‌లో బిడ్ పిలిచింది. గేట్ల దగ్గర ఇరవై నాలుగు గంటల పోస్టులు, విద్యార్థినుల హాస్టళ్లకు మహిళా గార్డులు అడుగుతున్నారు. మాకు మేడ్చల్–మల్కాజిగిరి జిల్లాకు పసారా లైసెన్సు (ప్రైవేటు సెక్యూరిటీ ఏజెన్సీ నడపడానికి కావాల్సిన లైసెన్సు), పీఎఫ్, ఈఎస్‌ఐ (ఉద్యోగుల ఆరోగ్య బీమా) కోడ్‌లు, జీఎస్టీ, ఉద్యమ్ (చిన్న సంస్థల) రిజిస్ట్రేషన్ ఉన్నాయి. ఈ కాగితాలు సరిపోతాయా, ఇంకేమైనా కావాలా అన్నది నా మొదటి ప్రశ్న.

రెండోది చెప్పడానికి కొంచెం ఇబ్బందిగా ఉంది. ఈ రంగంలో చాలాకాలంగా ఉన్న ఒకాయన, రికార్డుల్లో ఎనిమిది గంటల చొప్పున ముగ్గురిని చూపించి, పోస్టులో పన్నెండు గంటల చొప్పున ఇద్దరినే పెడితే తప్ప ప్రభుత్వ పనిలో ఏమీ మిగలదని, అందరూ చేసేది అదేనని సలహా ఇచ్చారు. అలా చేయడం నాకు ఇష్టం లేదు. చట్టప్రకారం నడిపి కూడా ఈ పని నిలబెట్టుకోవచ్చా? అనుభవం ఉన్నవారు దయచేసి వివరంగా చెప్పగలరు.

జవాబు: విశ్రాంత_కొనుగోళ్ల_అధికారి

అమ్మా, నేను ఒక కేంద్ర సంస్థలో స్టోర్స్, కొనుగోళ్ల విభాగంలో పనిచేసి పదవీ విరమణ చేశాను. సెక్యూరిటీ బిడ్‌లను పరిశీలించే సాంకేతిక కమిటీల్లో కూర్చున్నవాడిని కాబట్టి, బల్లకు అవతలి వైపు నుంచి ఈ పత్రాలు ఎలా కనిపిస్తాయో చెబుతాను.

లైసెన్సు సంగతి ముందు తేల్చుకోవాలి. 2005 నాటి ప్రైవేటు సెక్యూరిటీ ఏజెన్సీల నియంత్రణ చట్టం కింద లైసెన్సు ఏయే జిల్లాలకు తీసుకుంటే వాటికే వర్తిస్తుంది. ఒక జిల్లాకైతే రుసుము 5,000 రూపాయలు, ఐదు జిల్లాల వరకు 10,000, రాష్ట్రమంతటికీ 25,000. మనం మాట వరసకు అంతటినీ హైదరాబాద్ అనేస్తాం గానీ, ఉప్పల్ ఒక జిల్లాలో, గచ్చిబౌలి ఇంకో జిల్లాలో, పటాన్‌చెరు మరో జిల్లాలో ఉన్నాయి. మీ దగ్గరున్న లైసెన్సుతో సంగారెడ్డిలో గార్డును నిలబెడితే లైసెన్సు లేని చోట పనిచేసినట్టే అవుతుంది. లైసెన్సు లేకుండా ఏజెన్సీ నడిపితే ఏడాది వరకు జైలు, లేదా 25,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. దరఖాస్తు అందాక విచారణ జరిపి అరవై రోజుల్లో నిర్ణయం తీసుకోవాలని చట్టం చెబుతోంది. కాబట్టి బిడ్ గడువుకు వారం ముందు మొదలుపెడితే అందే పని కాదు. ఎలాగూ విస్తరించాలనుకుంటున్నారు కనుక రాష్ట్రమంతటికీ తీసుకోండి. లైసెన్సు కాలపరిమితి ఐదేళ్లు. అది ముగియడానికి కనీసం నలభై ఐదు రోజుల ముందే రెన్యువల్ దరఖాస్తు పెట్టాలన్నది కూడా గుర్తుంచుకోండి, ఎందుకంటే కాంట్రాక్టు మధ్యలో లైసెన్సు గడువు తీరిపోయిన ఏజెన్సీ బిల్లును ఏ అకౌంట్స్ అధికారీ పాస్ చేయడు.

అనుభవ పత్రాల విషయంలో చిన్న ఏజెన్సీలు ఎక్కువగా దెబ్బతింటాయి. అపార్ట్‌మెంట్ సంఘం లెటర్‌హెడ్ మీద సేవలు సంతృప్తికరం అని రాసిన ఉత్తరం కమిటీ ముందు నిలవదు. ఎంతమంది గార్డులు, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు, బిల్లు విలువ ఎంత అన్నవి అందులో ఉండాలి, ఆ విలువ మీ ఫారం 26ఏఎస్‌లో (మీ పేరు మీద కోసిన పన్ను వివరాల పత్రం) కనిపించే టీడీఎస్‌తో సరిపోవాలి. మీ రెండు కాలేజీలు టీడీఎస్ కోస్తున్నట్లయితే వాటి వర్క్ ఆర్డర్లే మీకు గట్టి ఆధారం. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉన్న సేవా సంస్థకు కేంద్ర సంస్థల బిడ్‌లలో ఈఎండీ (బిడ్‌తో పాటు కట్టే ధరావతు) మినహాయింపు దొరుకుతుంది. కానీ టర్నోవర్, పూర్వానుభవం విషయంలో సడలింపు ఇవ్వాలా వద్దా అన్నది కొనుగోలుదారు ఇష్టం, దాన్ని బిడ్ పత్రంలోనే వెతుక్కోవాలి.

ఇక అసలు విషయం వేతనాల లెక్క. మీరు ఏ ప్రభుత్వ నోటిఫికేషన్ ప్రకారం జీతం ఇవ్వాలన్నది పనిచేసే చోటు ఎవరిదన్న దాని మీద ఆధారపడుతుంది. రాష్ట్ర శాఖ ఆసుపత్రి అయితే తెలంగాణ ప్రభుత్వ రేట్లు, కేంద్ర సంస్థ అయితే కేంద్ర కార్మిక శాఖ రేట్లు. ఈ రెండింటి మధ్య వ్యత్యాసం చాలా పెద్దది. ఆయుధం లేని వాచ్ అండ్ వార్డ్ (కాపలా) సిబ్బందికి 2024 అక్టోబర్ 1 నుంచి కేంద్రం ప్రకటించిన రేటు ‘ఏ’ ప్రాంతంలో (పెద్ద నగరాల శ్రేణి) రోజుకు 954 రూపాయలు, ఆయుధం ఉన్నవారికి 1,035. హైదరాబాద్ నగర పరిధి ‘ఏ’ ప్రాంతంలోకి వస్తుంది. ఏటా ఏప్రిల్‌లోనూ అక్టోబర్‌లోనూ కరువు భత్యం సవరిస్తారు కాబట్టి బిడ్ వేసే రోజున తాజా ఉత్తర్వు చూసుకోండి. మీరు చెప్పిన సంస్థ ఏ ప్రాంతం కింద లెక్కకు వస్తుందో బిడ్ పత్రంలో స్పష్టంగా లేకపోతే ప్రీ-బిడ్ సమావేశంలో రాతపూర్వకంగా అడగండి. నోటి మాటగా అడిగితే ఆ తర్వాత ఎవరూ బాధ్యత వహించరు.

జెమ్‌లో కనీస వేతనం ఆధారంగా పిలిచే బిడ్‌లలో వేతన భాగం ముందే నిర్ణయమై ఉంటుంది, పోటీ అంతా సర్వీస్ ఛార్జి శాతం మీదనే. యూనిఫాం, శిక్షణ, సూపర్‌వైజర్ల రాకపోకలు, బిల్లు ఆలస్యమైతే పడే వడ్డీ, ఆఫీసు ఖర్చు, మీ లాభం అన్నీ ఆ శాతంలోంచే రావాలి. కొందరు సున్నాకు దగ్గరగా వేసి పని దక్కించుకుంటారు. మరి ఆ ఖర్చులన్నీ ఎక్కడి నుంచి వస్తాయి? గార్డు జీతంలోంచే వస్తాయి, ఇంకో దారి లేదు. అందుకే కొన్ని సంస్థలు కనీస సర్వీస్ ఛార్జిని బిడ్‌లోనే నిర్ణయిస్తున్నాయి. అటువంటి బిడ్‌లను ఎంచుకోవడం మీలాంటివారికి మేలు.

జవాబు: పీఎఫ్_కన్సల్టెంట్_నారాయణగూడ

మేడమ్, పై జవాబులో పెద్దాయన చెప్పినదంతా సరైనదే. నేను నెలనెలా సెక్యూరిటీ ఏజెన్సీల పీఎఫ్, ఈఎస్‌ఐ రిటర్నులు దాఖలు చేస్తుంటాను కనుక ఆ భాగం రాస్తాను.

ప్రభుత్వ సంస్థలో ప్రతి నెలా బిల్లుతో పాటు మస్టర్ రోల్ (హాజరు పట్టిక), బ్యాంకు ద్వారా జీతాలు చెల్లించిన స్టేట్‌మెంట్, పీఎఫ్ ఈసీఆర్ (ప్రతి ఉద్యోగి జీతం, పీఎఫ్ వాటా చూపే నెలవారీ రిటర్ను), చలాన్ అడుగుతారు. ఈ నాలుగింటినీ పక్కపక్కన పెట్టి చదివే అధికారి ఉన్నచోట తేడాలు దాగవు. ఈసీఆర్‌లో ప్రతి యూఏఎన్ (ఉద్యోగి పీఎఫ్ నంబరు) ఎదుట ఎన్‌సీపీ రోజులు అని ఒక గడి ఉంటుంది, అంటే ఆ నెలలో జీతం లేని రోజులన్నమాట. మస్టర్ రోల్‌లో ఒక గార్డు ఇరవై ఆరు రోజులు హాజరైనట్టు సంతకాలు ఉంటాయి. ఈసీఆర్‌లో అదే మనిషికి ఎన్‌సీపీ పద్నాలుగు రోజులు, జీతం సగం అని ఉంటుంది. పీఎఫ్ వాటా తగ్గించుకోవడానికి చేసే పని ఇది. ఒకే యూఏఎన్ ఒకే నెలలో రెండు చోట్ల పూర్తి హాజరుతో కనిపించడం కూడా అంతే. ఇవి దొరికినప్పుడు బిల్లు ఆగడంతో సరిపోదు, పీఎఫ్ శాఖ బకాయి నిర్ణయించి వడ్డీ, నష్టపరిహారం కలిపి వసూలు చేస్తుంది. కాంట్రాక్టరు కట్టకపోతే అసలు యజమాని కట్టి అతని బిల్లులోంచి రాబట్టుకోవచ్చని చట్టంలో ఉంది కనుక, ప్రభుత్వ సంస్థలు ఈ విషయంలో జాగ్రత్తగా ఉంటాయి. గార్డులు మా ఉద్యోగులు కారు, మేము మధ్యవర్తులం మాత్రమే అని వాదించిన ఒక ఏజెన్సీ కేసులో 2020 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు ఆ వాదనను తోసిపుచ్చి పీఎఫ్ చట్టం వర్తిస్తుందని తేల్చింది.

లెక్క విషయానికి వస్తే, 15,000 రూపాయల పీఎఫ్ వేతన పరిమితి మీద యజమాని వాటా 12 శాతం చొప్పున 1,800, ఈడీఎల్‌ఐ (పీఎఫ్‌తో పాటు ఉండే బీమా) 75, పరిపాలన ఛార్జీ 75, మొత్తం 1,950 ఒక్కో గార్డుకు ప్రతి నెలా పడుతుంది. ఇది వచ్చే నెల పదిహేనో తేదీలోపు కట్టాలి.

ఈఎస్‌ఐలో చాలామంది పొరబడే చోటు ఒకటి ఉంది. ఈఎస్‌ఐ వేతన పరిమితి 21,000. రోజుకు 954 చొప్పున ఇరవై ఆరు రోజులకు 24,804 అవుతుంది, అంటే ‘ఏ’ ప్రాంతంలో కేంద్ర రేటు తీసుకునే గార్డు ఈఎస్‌ఐ పరిధి దాటిపోతాడు. అతను డ్యూటీలో గాయపడితే పరిహారం భారం నేరుగా మీ మీద పడుతుంది. కాబట్టి ఉద్యోగుల పరిహార బీమా పాలసీ తీసుకోవాలి, దాని ప్రీమియం కూడా మీ లెక్కలో వేసుకోవాలి. అదే గార్డును రాష్ట్ర ప్రభుత్వ రేటు మీద పనిచేసే చోటికి మార్చి, జీతం 21,000 లోపు ఉంటే యజమాని 3.25 శాతం, గార్డు 0.75 శాతం కట్టాల్సిందే. గార్డును ఒక సైటు నుంచి ఇంకో సైటుకు మార్చిన ప్రతిసారీ ఇది చూసుకోవాలి.

జీఎస్టీ మాట కూడా చెప్పాలి. మీది కంపెనీ కాదు, ప్రొప్రైటర్‌షిప్. 2019 జనవరి 1 నుంచి, కంపెనీ కాని ఏజెన్సీ జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉన్నవారికి గార్డులను ఇస్తే పన్నును సేవ పొందినవారే రివర్స్ ఛార్జి కింద కట్టాలి. అయితే టీడీఎస్ కోయడానికి మాత్రమే రిజిస్ట్రేషన్ తీసుకున్న ప్రభుత్వ శాఖలకు ఇది వర్తించదు, అక్కడ 18 శాతం మీరే వేసి కట్టాలి. ఆ సంస్థ రిజిస్ట్రేషన్ ఏ రకానిదో తెలుసుకోకుండా ధర వేయకండి.

ఉప్పల్_ఏజెన్సీ

ఇంత ఓపికగా రాసినందుకు ఇద్దరికీ కృతజ్ఞతలు. ఒక సందేహం మిగిలింది. పన్నెండు గంటల డ్యూటీ మా గార్డులే అడుగుతున్నారు. శ్రీకాకుళం నుంచి, ఒడిశా నుంచి వచ్చినవాళ్లు ఇక్కడ గది అద్దె కట్టి ఇంటికి డబ్బు పంపాలి. ఎనిమిది గంటల జీతం చాలదని, మిగిలిన సమయంలో ఇంకో ఏజెన్సీలో రెండో డ్యూటీ చేస్తామని అంటున్నారు. వాళ్లు ఒప్పుకుని చేసే పన్నెండు గంటలు కూడా తప్పేనా?

జవాబు: మాజీ_సుబేదార్_తిరుమలగిరి

అమ్మా, సైన్యం నుంచి వచ్చాక నేనూ ఏజెన్సీ నడుపుతున్నాను. మీ ప్రశ్న న్యాయమైనది, మీ గార్డుల అవసరమూ నిజమే. కానీ గార్డు ఒప్పుకున్నాడన్న మాట లేబర్ ఇన్‌స్పెక్టర్ ముందు పనికిరాదు. సాధారణ పనివేళలు దాటిన ప్రతి గంటకూ రెట్టింపు వేతనం ఇవ్వాలన్నది పాత కనీస వేతనాల చట్టం కింద ఉన్నదే, 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చిన వేతనాల కోడ్‌లోనూ అదే ఉంది.

ఒక గేటును తీసుకుని లెక్క వేసి చూడండి. ముప్పై రోజులకు ఎనిమిది గంటల షిఫ్టులు తొంభై. ఒక్కోటి 954 చొప్పున 85,860 రూపాయలు. అదే గేటును పన్నెండు గంటల చొప్పున నడిపితే అరవై షిఫ్టులు, ప్రతి షిఫ్టులో ఎనిమిది గంటలకు మామూలు వేతనం, నాలుగు గంటలకు రెట్టింపు, అంటే మనిషికి 1,908. నెలకు 1,14,480 అవుతుంది. చట్టప్రకారం చెల్లిస్తే పన్నెండు గంటల పద్ధతిలో ఒక్క గేటు మీదనే 28,620 ఎక్కువ ఖర్చు. మీకు సలహా ఇచ్చిన ఆయనకు అందులో లాభం కనిపిస్తోందంటే, ఆ ఓవర్‌టైం డబ్బు గార్డుకు అందడం లేదని అర్థం. మూడో మనిషి పేరు మీద బిల్లు తీసుకుని అతన్ని పెట్టకపోవడం ప్రభుత్వ సొమ్ము విషయంలో మోసం కిందకు వస్తుంది, బ్లాక్‌లిస్టులో పడితే మీ నాన్నగారు కూడబెట్టిన పేరు ఒక్కసారిగా పోతుంది.

మనుషుల సంఖ్య కూడా సరిగ్గా వేసుకోండి. వారానికి 168 గంటలు, మనిషికి 48 గంటలు. భాగిస్తే ఒక్కో పోస్టుకు మూడున్నర మంది కావాలి. ముగ్గురినే లెక్క వేసుకున్న ఏజెన్సీ వీక్లీ ఆఫ్ రోజున రిలీవర్ లేక ఉన్నవాడినే రెండో షిఫ్టుకూ నిలబెడుతుంది. రాత్రంతా నిలబడి మళ్లీ పగలు గేటు దగ్గర కూర్చున్న మనిషి వచ్చే వాహనం నంబరు కూడా సరిగ్గా రాయలేడు. నేను సైటుకు వెళ్తే ముందు గేటు రిజిస్టరు తెల్లవారుజామున నాలుగు నుంచి ఆరు మధ్య ఎలా నిండిందో చూస్తాను. ఒకే సిరాతో, ఒకే వంపుతో పది ఎంట్రీలు వరుసగా ఉంటే ఆ గంటల్లో మనిషి నిద్రపోయి, లేచాక నింపాడన్నమాట. అలాంటిచోట గార్డును తిట్టే ముందు డ్యూటీ రోస్టర్ తెప్పించుకుని చూస్తే, తప్పు ఎక్కడుందో చాలాసార్లు అక్కడే దొరుకుతుంది.

శిక్షణను కాగితం మీద ముగించకండి. కేంద్ర నమూనా నియమాల ప్రకారం కొత్త గార్డుకు 100 గంటలు తరగతిలో, 60 గంటలు క్షేత్రస్థాయిలో, కనీసం ఇరవై పనిదినాల్లో శిక్షణ ఇవ్వాలి. మాజీ సైనికులకు, మాజీ పోలీసులకు తక్కువ వ్యవధి కోర్సు ఉంది. పదిహేను మంది గార్డులకు మించకుండా ఒక సూపర్‌వైజర్ ఉండాలి. వయసు పద్దెనిమిది నుంచి అరవై ఐదు మధ్య, మగవారికి 160 సెంటీమీటర్లు, ఆడవారికి 150 సెంటీమీటర్ల ఎత్తు. ఒడిశా నుంచి వచ్చినవారి పోలీసు వెరిఫికేషన్ వాళ్ల సొంత ఊరి చిరునామాకు కూడా వెళ్తుంది కాబట్టి ఆలస్యమవుతుంది. ఆ నివేదిక చేతికి రాకముందు ఎవరినీ ప్రభుత్వ సైటుకు పంపకండి. హాస్టల్‌కు పెట్టే మహిళా గార్డుల దగ్గర రాత్రి డ్యూటీకి సమ్మతి రాతపూర్వకంగా తీసుకుని, వాళ్ల రాకపోకలకు వాహనం ఏర్పాటు చేయండి. అది లేకపోతే మంచి మహిళా గార్డులు రెండో నెలలోనే మానేస్తారు. యూనిఫాం సైన్యం, పోలీసు యూనిఫాంలను పోలి ఉండకూడదు, దానికి విడిగా శిక్ష ఉంది.

రెండో డ్యూటీ గురించి నేను చేసేది ఇది. గార్డుకు పూర్తి వేతనం బ్యాంకులో పడి, పీఎఫ్ పాస్‌బుక్‌లో అతని ఖాతాకు జమ కనిపించి, నెలలో ఒక పద్ధతి ప్రకారం సెలవు దొరికితే చాలామంది రెండో డ్యూటీకి వెళ్లడం మానుకుంటారు. కేంద్ర రేటు మీద ఎనిమిది గంటలకు చేతికి వచ్చే జీతం, చాలా అపార్ట్‌మెంట్లలో పన్నెండు గంటలకు ఇచ్చేదానికంటే ఎక్కువే. ఆ మాట మీ గార్డులకు కూర్చోబెట్టి చెప్పండి.

జవాబు: విశ్రాంత_కొనుగోళ్ల_అధికారి

సుబేదార్ గారు లెక్క చక్కగా విడమరచి చెప్పారు. నేను రెండు విషయాలు కలుపుతాను. కొత్త కార్మిక కోడ్‌ల కింద యాభై మంది లేదా అంతకంటే ఎక్కువ కాంట్రాక్టు కార్మికులను పెట్టే కాంట్రాక్టరుకు విడిగా కార్మిక లైసెన్సు ఉండాలి. మీ సంఖ్య ఇప్పటికే అది దాటింది. ప్రతి గార్డుకూ నియామక పత్రం ఇవ్వాలన్నది కూడా ఇప్పుడు తప్పనిసరి, ఉద్యోగం మానేసినవారికి బాకీ జీతం రెండు పనిదినాల్లో చెల్లించాలి. బిడ్ పత్రాల్లో ఇంకా పాత చట్టాల పేర్లే కనిపించవచ్చు. అప్పుడు ఏ చట్టం కింద ఏ పత్రం ఇస్తున్నారో వివరిస్తూ ఒక కవరింగ్ లెటర్ జతచేయండి.

రెండోది డబ్బు. మీరు ఏడో తేదీకల్లా జీతాలు ఇవ్వాలి, సంస్థ నుంచి బిల్లు మాత్రం ఒక్కోసారి రెండు మూడు నెలలకు వస్తుంది. కనీసం మూడు నెలల జీతాలకు సరిపడా బ్యాంకు రుణ పరిమితి చేతిలో లేకుండా సంతకం చేయకండి. ఎందుకంటే బిల్లు రాలేదన్న కారణంతో జీతం ఆపినా అది మీ ఉల్లంఘన కిందే లెక్కకు వస్తుంది.

ఉప్పల్_ఏజెన్సీ

అందరికీ ధన్యవాదాలు. లైసెన్సు లేని జిల్లా కాబట్టి ఈ బిడ్ వదిలేస్తున్నాను. రాష్ట్రవ్యాప్త లైసెన్సుకు ఈ వారమే దరఖాస్తు పెడతాను. ఈలోగా మా పాత సైట్ల మస్టర్ రోల్, ఈసీఆర్ పక్కపక్కన పెట్టి సరిచూసుకుంటాం. తర్వాతి బిడ్‌కు ముందు మా జిల్లాలోనే ఉన్న ఏదైనా చిన్న కేంద్ర కార్యాలయం పనికి ప్రయత్నించవచ్చా?

జవాబు: విశ్రాంత_కొనుగోళ్ల_అధికారి

తప్పకుండా ప్రయత్నించండి. నాలుగైదు పోస్టుల పని ఏడాది పాటు సక్రమంగా చేస్తే, గార్డుల సంఖ్య, తేదీలు, బిల్లు విలువతో ప్రభుత్వ కార్యాలయం ఇచ్చే పూర్తి ధ్రువపత్రం మీ చేతికి వస్తుంది. పెద్ద బిడ్‌లలో కమిటీ ముందుగా అడిగే పత్రం అదే. ఆ పని ఒప్పుకునేటప్పుడు, ధ్రువపత్రంలో ఈ మూడు వివరాలూ రాయాలని మొదటి నెలలోనే ఆ కార్యాలయానికి ఉత్తరం రాసి పెట్టుకోండి, అధికారులు బదిలీ అయ్యాక అడిగితే రికార్డులు వెతికి ఇచ్చేవారు దొరకరు.